రెండో ధార

మునెమ్మ నోటికి భయపడనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఆమె పాలకు వంక పెట్టినవాళ్ళూ లేరు. పాలు మంచివి కాబట్టి జనం ఆ నోటిని భరించారు. నోరు అట్లాంటిది కాబట్టి పాలలో నీళ్ళున్నాయని అనే ధైర్యం ఎవరికీ రాలేదు. ఏళ్ళ తరబడి ఇట్లా ఒకదాన్నొకటి కాచుకుంటూ వచ్చాయి.

పుదుచ్చేరిలో పాలమ్మేవాళ్ళు చాలామంది బిందెలతో తిరిగేవాళ్ళు. వాళ్ళంటే మునెమ్మకు ఒళ్ళుమంట. కురుచికుప్పం అంచున వలలు ఆరేసే ఇసుక పక్కన ఆమె కొట్టం. అక్కణ్ణుంచి ఆవునూ దూడనూ తోలుకొచ్చి ఎవరింటి గడప ముందు వాళ్ళకే పితికి ఇచ్చేది. "బిందెపాలు తాగేదానికంటే కాలవనీళ్ళు తాగండి. అవి ఊరికే దొరకతాయి" అని బిందెవాళ్ళు వినేలాగే అరిచేది.

పితకడంలో ఆమెకొక పద్ధతి ఉంది. మొదట దూడను వదిలేది. అది కుమ్మి కుమ్మి ఆవును చేపించి పాలు దింపాక పక్కకు లాగి ఆవు ముందుకాలికి కట్టేది. మొదటి ధార మళ్ళీ ఆ దూడ నోట్లోకే. "అడిగి తీసుకోవాల, దొంగతనం చెయ్యకూడదు" అనేది. రెండో ధార ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డకు. చెంబులోకి పడేది మూడోదీ ఆపైవీ. రెండో ధార కోసం నడుముకు ఒక కంచు ఉగ్గుగిన్నె దోపుకుని తిరిగేది. అందులోకి పితికి, నురగ చావకముందే బిడ్డను ఒళ్ళో వేసుకుని, బొటనవేలితో గడ్డం పట్టి నోరు తెరిపించి పోసేసేది. పొయ్యి మీద పెడితే పాలు చచ్చిపోతాయని ఆమె నమ్మకం. చచ్చిన పాలు పెద్దవాళ్ళు తాగొచ్చు, బిడ్డకు బతికిన పాలు పోయాలి. ఆమె చేతిమీదుగా ఆ వీధిలో ఎందరో పిల్లలు పెరిగారు. అందుకని ఆ నమ్మకం వీధి మొత్తానిదీ అయింది.

ఆమె పెద్దలు ఏ సైన్యం వెనకాల, ఏ కరువు వెనకాల తెలుగుదేశం వదిలి ఇటు వచ్చారో ఆమెకు తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. తెలుగు అక్షరం చూపిస్తే అది ఏ భాషదో చెప్పలేదు. మొగుడు తెల్లదొరల పుష్‌పుష్ బండి తోసి తోసి, రొమ్ము పగిలి పోయాడు. బండిలో కూర్చున్న దొర దిగి ఇంకో బండి ఎక్కి వెళ్ళిపోయాడని చెప్పి మునెమ్మ నవ్వేది. ఆ నవ్వు వింటే ఎదుటివాళ్ళకు కూర్చోబుద్ధయ్యేది కాదు.

అంతలో ఊళ్ళో ఫ్రెంచివాళ్ళ జెండా మారింది. దొరలు పెట్టెలు సర్దుకున్నారు. నిన్న దొరలకు సలాం కొట్టిన పోలీసే ఇవాళ టోపీ మార్చుకుని కొత్త ఆఫీసర్లకు కొట్టాడు. ఊరి చుట్టూ ఉన్న సుంకం చౌకీలు ఎత్తేశారు. అటువైపునుంచి గుడ్డలు, గుమాస్తాలు, పశువులు, అన్నీ అడ్డులేకుండా వచ్చాయి. పశువుల కడుపుల్లో ఏం వచ్చిందో చూడటానికి ఏ చౌకీ ఎప్పుడూ లేదు, ఉన్నా చూసేది కాదు.

దొరలుండే వైట్ టౌన్‌లో మునెమ్మ వాడిక ఇళ్ళు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. అదే ఏడు ముసలి ఆవు పాలు తగ్గి వట్టిపోవడానికి వచ్చింది. పాత చౌకీ అవతలి సంతకు పోయి ఒక చూడి ఆవును తోలుకొచ్చింది. ఆమెకు మిగిలిన బతుకంతా ఆ ఒక్క పొదుగులోనే ఉంది.

పోయిన ఇళ్ళకు బదులు కొత్తగా వచ్చిన ఇల్లు సత్తిరాజుది. యానాం నుంచి బదిలీ అయి వచ్చిన గుమాస్తా. పెళ్ళాం నాగకుమారి, నాలుగు నెలల కొడుకు. తల్లికి పాలు చాలవు. మునెమ్మ ఆవుతో గడప ముందు నిలబడి కేకేసినప్పుడు నాగకుమారి పరుగున బయటికి వచ్చింది.

"ఏమ్మా, నువ్వు తెలుగుదానివేనా?"

"కాకుండా? నేను మాట్లాడతా ఉండేది ఏందనుకుంటివి?"

లోపల్నుంచి సత్తిరాజు నవ్వాడు. "ఆయ్, తెలుగేనే కుమారీ. అరవంలో నానబెట్టి తీశారంతే."

"నానితే మెత్తగా ఉంటాది సామీ. మీ తెలుగు ఎండుచేప మాదిరి ఉండాది. సాగదీసి సాగదీసి నమలాల."

నాగకుమారికి నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి ఆపుకుంది. "నీళ్ళు కలపవు గదా?" అని అడిగింది.

"నీ కంటిముందరే పితుకుతా ఉండా. నీ కంట్లోనే నీళ్ళుంటే దానికి నేనేం చేసేది?"

ఉగ్గుగిన్నె తీసినప్పుడు నాగకుమారి కొంచెం జంకింది. "కాచి పట్టకూడదా?" అంది. మునెమ్మ నోరు తెరవకముందే సత్తిరాజు అందుకున్నాడు. "ధారోష్ణం అంటారే దీన్ని. శాస్త్రంలో ఉంది. కాస్తే సారం పోద్ది. నువ్వు పొయ్యి, మునెమ్మా." శాస్త్రం ఏదో ఆయన చెప్పలేదు, చూసి ఉండడు కూడా. అయినా మునెమ్మకు ఆ మాట తన నమ్మకానికి కిరీటం పెట్టినట్టనిపించింది. ఆ రోజు నుంచి ఆ ఇంటి బిడ్డకు రెండో ధార ఖాయమైంది.

ముసలి ఆవు పూర్తిగా వట్టిపోయాక, సంత ఆవు కార్తీకపు వానల్లో ఈనింది. ఈనిన వారానికి దూడకు పారుడు పట్టుకుంది. సున్నం కలిపిన నీళ్ళలా తెల్లగా పారింది. దానిమ్మ తొక్కు నూరి పోసింది, వస కాల్చి పోసింది, దిష్టి తీసింది. దూడ కళ్ళు లోపలికి పోయాయి. వెనక్కాళ్ళు మడతబడ్డాయి. తల్లి నాకుతుండగానే మెడ వాల్చేసింది. ఆ వానాకాలం చుట్టుపక్కల కొట్టాల్లో చాలా దూడలు అట్లాగే పోయాయి. ముసలివాళ్ళు కూడా అంత తెల్లటి పారుడు చూడలేదన్నారు. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవరికి వాళ్ళు తమకు పడనివాళ్ళ పేరు చెప్పుకున్నారు.

దూడ పోతే ఆవు చేపదు. చేపకపోతే వట్టిపోతుంది. పాలవాళ్ళకు దీనికొక పాత ఉపాయం ఉంది. చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టేస్తారు. నాలుగు కర్రలు కాళ్ళు. ఆ గడ్డి దూడను ముందు నిలబెడితే తల్లి నాకుతూ నాకుతూ పాలు వదులుతుంది. ఎండ లేని రోజులు కావడంతో తోలు సరిగ్గా ఆరలేదు. పట్టుకుంటే చల్లగా, జిడ్డుగా ఉండేది. తోలు కుట్టిన పనివాడు సున్నపునీళ్ళతో అంతా కడుగుతానన్నాడు. మునెమ్మ అంతా కడగనిచ్చింది, తోక కింద మాత్రం కడగనివ్వలేదు.

"ఆడ ముట్టవద్దు. తల్లి ఆడే కదరా మూచూసేది. ఆ వాసన పోతే నా దూడ కాదంటాది."

అది తప్పు లెక్కేమీ కాదు. ఆవు నిజంగానే అక్కడ మూచూసి, అక్కడ నాకి, చేపింది. మునెమ్మ గడ్డి దూడను చంకన పెట్టుకుని మళ్ళీ వీధుల్లోకి వచ్చింది. ఆవు మొండికేసిన రోజున బొటనవేలితో తోక కింద రుద్ది ఆ వేలు ఆవు ముక్కుకు రాసేది. మొదటి ధార గడ్డి దూడ మూతి మీద చిమ్మేది. రెండో ధార ఉగ్గుగిన్నెలోకి.

మొదట పోయింది కన్నియమ్మాళ్ మనవరాలు. కన్నియమ్మాళ్ అదే వీధి మొదట్లో ఇడ్లీలమ్మే అరవామె. తల్లిలేని ఆ పసిదాన్ని మునెమ్మ పాలతోనే సాకుతోంది. ఆమెకూ మునెమ్మకూ తగువు లేని పొద్దు లేదు, పొద్దున తగువు లేకపోతే ఇద్దరికీ ఏదో వెలితి. బిడ్డకు విరేచనాలు పట్టాయి, ఆస్పత్రికి మోసుకెళ్ళేలోపల అయిపోయింది. "ఇచ్చినవాడే తీసుకున్నాడు" అంది కన్నియమ్మాళ్. ఎవర్నీ ఏమీ అనలేదు. మర్నాడు మునెమ్మ ఆమె గడప ముందు ఆగి, ఆవును అదిలించుకుని ముందుకు పోయింది.

తర్వాత సత్తిరాజు కొడుకు పడ్డాడు. వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నారు. బిడ్డకు ఏం పట్టిస్తున్నారని అక్కడి డాక్టరు అడిగితే, ఆవు సంగతి, గడ్డి దూడ సంగతి బయటికొచ్చాయి. వీధిలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. మునెమ్మ కూతురు లోగనాయకి పురిటికి వచ్చి కొట్టంలోనే ఉంది. ఆమె కొడుకు తల్లిపాలు తాగి గుమ్మడికాయలా ఉన్నాడు. ఆ లావే ఇప్పుడు మునెమ్మ నేరానికి సాక్ష్యమైంది.

ఆ పొద్దున మునెమ్మ వీధిలోకి అడుగుపెట్టేసరికి సత్తిరాజు గడప ముందు జనం ఉన్నారు. మధ్యలో పెద్దాసుపత్రివాళ్ళు కబురంపిన పశువుల డాక్టరు త్యాగరాజన్. మద్రాసు వైపు నుంచి కొత్తగా వేశారు. ఆయనకు ఈ ఊరి మీద మొదటి రోజు నుంచీ చిరాకు. మనుషుల మీద ఇంకా చిరాకు.

"ఆవును ఆపు" అన్నాడు అరవంలో. "దూడ ఎట్లా చచ్చింది?"

"పారి చచ్చింది. నువ్వు వచ్చి కాపాడినావా ఏంది?"

"తెల్లగా పారిందా?"

"నల్లగా పారితే ఏం, తెల్లగా పారితే ఏం. చచ్చింది కదా."

ఆయన వంగి ఆమె చంకలోని గడ్డి దూడను లాక్కుని కింద పెట్టాడు. తోక ఎత్తి చూశాడు. అక్కడ ఎండిన తెల్లటి అట్ట కట్టి ఉంది.

"ఇక్కడ కడగలేదేం?"

మునెమ్మ నవ్వింది. "పసువుల డాకటరు గదా, ఇది కూడా తెలీదా? కడిగితే తల్లి గుర్తుపడతాదా?"

నవ్వుతుందేమోనని వీధి వైపు చూసింది. ఎవరూ నవ్వలేదు.

త్యాగరాజన్ గొంతు తగ్గించాడు. "విను. ఇది ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ క్రిమి కాదు. ఆవు పేగుల్లో, నీ పేగుల్లో, నా పేగుల్లో కోట్లకు కోట్లు బతికేదే. మేం చదువుకున్నప్పుడు అది సాధువన్నారు. ఈ పదేళ్ళలో పైదేశాల పిల్లల ఆస్పత్రుల్లో పసిగుడ్లు ఇట్లాగే పారి పారి చస్తుంటే వెతికారు. ఆ సాధువు జాతిలోనే కొన్ని తెగలు తిరగబడ్డాయని తేలింది. దూడలను చంపే తెగలూ ఉన్నాయి. పెద్ద ఆవును ఏమీ చెయ్యవు, నిన్నూ చెయ్యవు. మీరు మోస్తారు, అంతే. పేగు గట్టిపడని పసిప్రాణం దొరికితే వదలవు. ఈ దూడనుంచే ఆ బిడ్డకు వచ్చిందని నేను చెప్పలేను. మద్రాసు పంపించి చూడాలి. కాని ఈ తోలు ఇవాళే కాల్చెయ్యాలి."

"కాలిస్తే ఆవు వట్టిపోతాది."

"పోనీ."

"పోనీనా? నీ జీతం పోనీ, అప్పుడు చెప్పు."

సత్తిరాజు ముందుకొచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఏటే ఆ మాటలు? నా కొడుకు అక్కడ చావుబతుకుల్లో ఉన్నాడు. కాచి పోయమని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇంటేనా ఇది!"

బిడ్డ గుడ్డల కోసం ఆస్పత్రి నుంచి వచ్చిన నాగకుమారి గడపలో నిలబడి ఉంది. మొగుడి వైపు ఒక్కసారి చూసి, చేతిలోని గుడ్డలు మడత పెట్టుకుంది. మునెమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నువ్వా సామీ మొత్తుకుంటివి? శాస్త్రం, శాస్త్రం అని నా చేత పోయించింది ఎవురు? మీ అయ్య శాస్త్రమా?"

జనం ఒక్కసారిగా అరిచారు. బావి దగ్గర చెంబు కడగదన్నారు. చెయ్యి మంచిది కాదన్నారు. ఎవరో వెనకనుంచి, "దాని మనవణ్ణి చూడండి, గుండ్రాయి మాదిరి ఉండాడు. మంచిది ఇంట్లో పెట్టుకుని చెడ్డది మనకు పోసింది" అన్నారు. తల్లిని కొడుతున్నారని ఎవరో చెప్పగా పరిగెత్తుకొచ్చిన లోగనాయకి అప్పుడే బిడ్డను ఎత్తుకుని గుంపు అంచుకు చేరింది. ఆ మాట ఆమె చెవినా పడింది.

మునెమ్మ ఉగ్గుగిన్నె దూసింది, కత్తి దూసినట్టు.

"తేవే వాణ్ణి. వీళ్ళ ముందర వాడికే పోస్తా. నా పాలల్లో విషముంటే నా ఇంటి దీపమే ఆరిపోనీ."

త్యాగరాజన్ "పిచ్చిదానా" అంటూ అడ్డం రాబోయాడు. జనమే ఆయన్ను ఆపారు. వాళ్ళకు చూడాలని ఉంది. లోగనాయకి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పుట్టినప్పటినుంచీ తల్లి పాలకు జనం మొక్కడమే చూసిన పిల్ల అది. బిడ్డను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టబోయి, "పొయ్యి అమా. వీళ్ళ నోళ్ళు మూతబడాల" అంది.

"ఉండు, పితకనీ."

గుంపును చూసి ఆవు బెదిరి ఉంది. గడ్డి దూడను ముందు పెట్టినా మూచూడలేదు. మునెమ్మ అలవాటుగా బొటనవేలు తోక కింద పెట్టి గట్టిగా రుద్ది, ఆవు ముక్కుకు రాసింది. ఆవు నాలుక చాపింది. పొదుగు నిండింది. మొదటి ధార దూడ మూతి మీద పడి, గడ్డం మీదుగా మట్టిలోకి కారింది. రెండో ధార ఉగ్గుగిన్నెలో మోగింది.

గట్టు మీద కూర్చుని మనవణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు బోసినోటితో నవ్వి, ఆమె మెడలోని తాయెత్తు పట్టుకున్నాడు. మునెమ్మ బొటనవేలు వాడి గడ్డానికి ఆనింది. వేలు జారింది. చూసుకుంది. వేలి మీద తడిసిన సున్నంలాంటి తెలుపు, వాడి గడ్డం మీద దాని మరక. అప్పుడు ఆమెకు వాసన వచ్చింది. రోజూ ఆవుకు చూపించే వాసనే. దూడ కొట్టంలో పడి చచ్చిన పూట కొట్టమంతా నిండిన వాసనే. ఇన్నాళ్ళూ ఆ వేలు ఆవు ముక్కు దగ్గరికి పోయిందని ఆమెకు తెలుసు. అక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఉగ్గుగిన్నె బిడ్డ పెదవికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"పొయ్యమ్మా, పొయ్యి!" అన్నారెవరో.

"ఏం, చెయ్యి నొప్పా?"

లోగనాయకి వంగి, "అమా, పొయ్యి" అంది. గొంతులో మొదటిసారి భయం.

మునెమ్మ పోయలేదు. చీర చెంగుతో మనవడి గడ్డం తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. వీధిలో అరుపులు ఆగిపోయాయి. ఆ నోటినుంచి ఏ మాటా రాకపోవడం ఆ జనం అంతకుముందు వినలేదు.

నాగకుమారి గడప దిగి వచ్చింది. గట్టిగా కూడా అనలేదు.

"మా వాడికి పోసినప్పుడు ఆగలేదే నీ చెయ్యి."

లోగనాయకి బిడ్డను లాక్కుంది. తల్లి మొహం చూడకుండానే గుంపులోంచి దారి చేసుకుని పోయింది. ఆ సాయంత్రమే మొగుడి ఊరికి బండెక్కింది.

గడ్డి దూడను మధ్యాహ్నం ఇసుకలో కిరసనాయిలు పోసి కాల్చారు. తోక కింది అట్టను కొంచెం సీసాలోకి గోకి తీసుకుని, త్యాగరాజన్ దగ్గరుండి కాల్పించాడు. తడి తోలు అంటుకోనంటే ఇంకోసారి పోయించాడు. ఆవు కట్టుకొయ్య దగ్గర రెండు రోజులు అరిచి ఊరుకుంది. పొదుగు ఎండిపోయాక సంతకే తోలేశారు. సత్తిరాజు కొడుకు బతికాడు. ఎముకలగూడులా ఇంటికొచ్చి, మెల్లగా కోలుకున్నాడు. ఆ ఇంట్లో డబ్బా పాలపిండి మొదలైంది. శాస్త్రం సంగతి సత్తిరాజు మళ్ళీ ఎత్తలేదు, నాగకుమారి ముందు అసలే ఎత్తలేదు. మద్రాసు నుంచి వచ్చిన కబురు త్యాగరాజన్ ఒకసారి వీధిలో నిలబడే చెప్పి పోయాడు. దూడ పేడలోనూ బిడ్డ విరేచనంలోనూ ఆ జాతి క్రిమి ఉందట. ఆ ఇంట్లో సత్తిరాజు కడుపులోనూ ఉందట. ఏది సాధువో ఏది హంతకుడో విడదీసి చెప్పే పరీక్ష అక్కడ ఇంకా లేదట. చేతులు కడుక్కోండి, పాలు కాచుకోండి అని తిట్టినట్టు చెప్పి సైకిలెక్కాడు. దీంతో మునెమ్మ తప్పు లేదని తేలలేదు, ఉందనీ తేలలేదు. వీధికి అవసరమైన తీర్పు వీధి దగ్గర ముందే ఉంది.

ఆ కబురు విన్నాకనే కన్నియమ్మాళ్ కొట్టానికి వచ్చింది. మనవరాలు పోయిన తర్వాత ఆమె అటు రావడం అదే మొదలు. మునెమ్మ ఖాళీ కట్టుకొయ్య పక్కన కూర్చుని పిడకలు తిరగేస్తోంది. కూర్చోమని అనలేదు. కన్నియమ్మాళ్ కూర్చోలేదు.

"ఆ రోజు నువ్వు చెయ్యి ఆపినావే, చూస్తిని" అంది కన్నియమ్మాళ్. "డాక్టర్లకు తెలీదంట. నీకు తెలుసు. నా పిల్లకు పోసేటప్పుడు కూడా ఆ చెయ్యేనా?"

మునెమ్మ దగ్గర దీనికి జవాబులు చాలా ఉన్నాయి. క్రిములు అందరి కడుపులోనూ ఉంటాయంట. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడని నువ్వే అంటివి కదే. నీ ఇడ్లీపిండి గిన్నె ఎట్లా ఉంటాదో నాకు తెలీదా. ఏ ఒక్కటన్నా కన్నియమ్మాళ్ తిట్టి పోయేది, తిట్టుకుంటే ఇద్దరికీ కొంత తేలికయ్యేది.

"ఆ చెయ్యే" అంది మునెమ్మ.

కన్నియమ్మాళ్ తల ఊపింది, ఏదో బేరం కుదిరినట్టు. "సరి. ఇంక నా గడప ముందర నడవవద్దు."

మునెమ్మ నడవలేదు. ఆ తర్వాత పిడకలు అమ్ముకుని బతికిన ఏళ్ళలో, ఊరు ఫ్రెంచివాళ్ళ నుంచి కాగితాల మీద కూడా చేతులు మారిన ఏడు ఆమె పోయేదాకా, బజారుకు పోవాలన్నా గుడికి పోవాలన్నా గంప నెత్తిన పెట్టుకుని ఇసుకలోంచే చుట్టు తిరిగి పోయేది. ఆ వీధి మొదలుకు వచ్చినప్పుడల్లా, కన్నియమ్మాళ్ అరుగు మీద ఉన్నా లేకపోయినా, మునెమ్మ పక్కకు తిరిగేసేది.